బావ గీసిన గని అక్క

మొన్న శుక్రవారం మా అక్క భర్త దవాఖానలో కన్నుమూశాడు. గోదావరిఖని క్వార్టర్లలో అందరికీ ఆయన బొమ్మల బావ. కబురు విన్నాక ముందు ఏడుపొచ్చింది. వెంటనే ఆయన బొమ్మలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇద్దరం ఒకే బొగ్గుబాయిలో పనిచేశాం. బావ ఫిట్టరు. షిఫ్టు దిగి స్నానం చేయగానే బొమ్మల కథలు గీసేవాడు. తానే జిరాక్స్ తీయించి, పిన్నులు కొట్టి, సైకిల్ మీద నస్పూర్, రామకృష్ణాపూర్ దాకా తిరిగి అమ్మేవాడు. అన్ని కథల్లో నాయిక ఒక్కతే, గని అక్క. లోపల చిక్కుకున్న మగవాళ్ళను భుజాన వేసుకొచ్చేది. ఆమె కసిరితే ఆగిన మోటార్లు తిరిగేవి. మగ హీరోను పెడితే అచ్చు వేస్తానని ఒక ప్రెస్సాయన అంటే బావ ఒప్పుకోలేదు.

ఆడవాళ్ళకు లోపల డ్యూటీ లేని రోజులవి. ఎవరూ నమ్మరని ప్రతి కథ చివర గని అక్కను మంచంలో నిద్రలేపేవాడు. అంతా కల.

క్యాంటీన్లో ఒకసారి తోటి కార్మికుడు అడిగాడు: "ఏంది బావా, గింత కష్టం జేసి అక్క మళ్ళ మంచంల లేసుడేనా? ఆమెకు హాజరు పడదా?"

అందరూ నవ్వారు.

"మీరు నమ్మేదాంక పండనియ్యుండ్రి" అన్నాడు బావ. ఆయనా నవ్వాడు గానీ, చాయ్ సగంలోనే వదిలి లేచాడు.

ఆ పుస్తకాలు చదివే నా బిడ్డ మైనింగు చదువుతానంది. చదివింది. ఆడపిల్లలను లోపలికి తీసుకోవడం మొదలయ్యాక ఆమెకూ డ్యూటీ వచ్చింది. నా సంతోషం ఏమని చెప్పను! కనబడ్డవాళ్ళందరికీ మిఠాయి తినిపించాను, షుగరున్నవాళ్ళకు కూడా.

మొదటి షిఫ్టు ముగిసే వేళకు బావ నాకంటే ముందే బాయి గేటు దగ్గర నిలబడ్డాడు. మొహం నిండా బొగ్గుతో బిడ్డ పైకొచ్చింది. ఆయన మొదట అడిగింది ఇదీ:

"కొప్పు ఏడ వెట్టినవ్ బిడ్డా? నేను గని అక్కకు ఇన్నేండ్లు టోపీ మీదనే గీస్తున్న."

"టోపీల పట్టది మామా. జడేసి అంగిల దోపుకున్న."

"అయితే నా పుస్తకాలన్ని తప్పే పో" అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంబరం నేనెన్నటికీ మరువను.

ఆ తర్వాత గీసిందే ఆయన ఆఖరి పుస్తకం. అందులో మంచం లేదు. చివరి బొమ్మలో షిఫ్టు అయిపోయింది. గని అక్క క్యాంటీన్ బల్ల మీద కూర్చుంది. పక్కన ఒకాయన బూట్లు విప్పుతున్నాడు, ఇంకొకాయన టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. నల్లటి మొహంతో అక్క చాయ్ ఊదుకుంటోంది. ఆమె వైపు ఎవరూ వింతగా చూడటం లేదు.