చాటలో కలిపిన వానలు

ఇబ్రహీంపట్నం దగ్గర మాకు కాలవ నీరెక్కని మెట్ట చేను ఉండేది. దాన్ని అమ్మడానికి నాన్న మాట ఇవ్వబోతున్న రోజది. సాయంత్రం వస్తానని మధ్యవర్తి కబురు పెట్టాడు. అంతకుముందోసారి మా అరుగు మీద కూర్చుని, "ఏటికేడు వానలు తగ్గిపోతున్నాయండీ. ఇంకొన్నాళ్ళాగితే ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడుండడు" అన్నాడతను. అప్పటినుంచీ నాన్నకు తిండి సయించడం లేదు.

మా మేనమామ తాలూకా కచేరీలో గుమాస్తా. నా లెక్కల పిచ్చి తెలిసినవాడు కనుక, బెజవాడ నుంచి సముద్రం పక్కనున్న దివి దాకా ఏళ్ళ తరబడి వానకొలతలు ఎత్తి రాసి ఇచ్చాడు. ఆయన దగ్గర తెచ్చుకున్న లెక్కల పుస్తకంలో చెప్పినట్టే, ప్రతి ఏటి వాననూ తర్వాత వచ్చిన ఏళ్ళన్నిటితో పోల్చాను. పెరిగితే ఎడమవైపు గీత, తగ్గితే కుడివైపు. దివిలో రెండూ దాదాపు సమానం. మా వైపు తగ్గిన గీతలే ఎక్కువ. మధ్యవర్తి చెప్పిందే నిజమా?

పుస్తకం అక్కడితో ఆగమనలేదు. ఏళ్ళ వరుసను ఇష్టం వచ్చినట్టు కలిపేసినా రెండు వైపుల గీతల మధ్య ఇంత తేడా ఎంత తరచుగా వస్తుందో చూడమంది. మా వైపు వానలను చీటీల మీద రాసి, చాటలో కలిపి, చేతికొచ్చిన వరుసలో మళ్ళీ గీతలు గీశాను. మళ్ళీ కలిపాను. అంత తేడా చాలాసార్లే వచ్చింది. అంటే వానలు నిజంగా తగ్గకపోయినా గీతలు అలా పడవచ్చు.

నాన్న ఎదుట నోరు విప్పే అలవాటు లేదు నాకు. ఆ సాయంత్రం అరుగు మీద మధ్యవర్తి చెప్పుల చప్పుడు వినబడ్డాక, చాట పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఏమిటమ్మా, బియ్యమా?"

"వానలు నాన్నా. మీరే ఒక్కొక్కటీ తీయండి."

బయట మధ్యవర్తి దగ్గాడు. నాన్న తీసిన చీటీలు నేను వరుసగా పేర్చాను.

"ఇదీ తగ్గుతోందిగా!"

"ఇది ఏళ్ళ వరుస కాదు నాన్నా. మీ చేతికొచ్చిన వరుస."

ఆయన చీటీలను ఒక్కొక్కటే తిరిగి చాటలో వేశారు.

"అయితే వానలు పడతాయంటావు."

"అలా అనలేను. తగ్గుతున్నాయనడానికి ఇది చాలదంటున్నాను."

నాన్న బయటికి వెళ్ళి, "ఈ ఏటికి ఆగుదామండీ" అనడం వినబడింది.

"అమ్మాయిగారు చీటీలు తీయించారాండీ? అంతకంటే చిలక జోస్యం నయం కదండీ!"

ఆ ఏడు తొలకరి రాలేదు. కొండపల్లి కొండల మీద మబ్బు పట్టేది, విడిపోయేది. విత్తనాల కుండకు మూత తియ్యలేదు. ఇంట్లో ఎవరూ నన్నొక మాట అనలేదు. నాన్న మాత్రం పొద్దున్నే ఆకాశం వంక చూడడం మానేసి, నా ముఖంలోకి చూసేవారు. నేను చాటలోని బియ్యం మీదికి తల వంచుకునేదాన్ని.