బండి నడిపింది ఎవరు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లాకు బదిలీ చేశారు. మరిపెడ వైపు ఒక ఠాణాలో ఎస్సైగా చేరాను. కానిస్టేబుల్‌గా మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కినవాణ్ణి కాబట్టి రోడ్డు మీద నిలబడి బండ్లు ఆపడం నాకు కొత్త కాదు. ఆ ప్రాంతంలో పొలానికి పోయినా, సంతకు పోయినా, దవాఖానకు పోయినా మోటారు సైకిలే దిక్కు. వాటిని నడిపేవాళ్లలో చాలామందికి లైసెన్సు ఉండేది కాదు. కొందరి దగ్గర లెర్నర్ లైసెన్సు మాత్రం ఉండేది. జనం దాన్ని ఎల్లెల్లార్ అంటారు.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. నెల దాటాక డ్రైవింగు పరీక్షకు పోవచ్చు. అప్పటిదాకా బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. పక్కా లైసెన్సు ఉన్న మనిషి నేర్పేవాడిగా వెనక కూర్చోవాలి. మరొకరిని ఎక్కించుకోకూడదు. తనిఖీలో మేము చూసేది ఇవే. ఇన్సూరెన్సు కంపెనీ కూడా ప్రమాదం తర్వాత వీటినే అడుగుతుంది.

భూక్యా సునీతను మొదటిసారి అలాంటి తనిఖీలోనే చూశాను. ముప్పై దాటిన మనిషి. ఆశా కార్యకర్తగా చుట్టుపక్కల తండాల్లో గర్భిణులను చూసుకునేది. మా కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టగానే ఆమె బండిని పద్ధతిగా పక్కకు తీసి ఆపింది. స్కూటీ కాదు, భర్త వాడే గేర్ల బండే. వెనక కూర్చున్న భర్త వీరన్న దిగి తన లైసెన్సు, ఆమె ఎల్లెల్లార్, బండి ఇన్సూరెన్సు ముగ్గురు పోలీసులకూ వరసగా చూపించాడు. ‘ఎల్’ పలక వెనక ఉంది గాని ముందు లేదు. అది పెట్టించుకొమ్మని చెప్పి పంపాను.

“రాత్రి నొప్పులస్తే ఆటోలు దొరకయి సార్. ఈయన ఉంటే తోల్కపోతడు, లేకుంటే ఎట్ల? అందుకే నేర్చుకుంటున్న,” అంది సునీత. మరుసటి వారం ఆ దారిన పోతుంటే ముందు కూడా పలక కనిపించింది.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక ఉదయం రోడ్డు పక్క పొలంలో నుంచి ఎవరో ఫోను చేశారు. మేము చేరేసరికి నూటెనిమిది బండి ముసలాయనను ఎక్కిస్తోంది. పేరు మల్లయ్య. బర్రెలకు పచ్చిగడ్డి కోసుకుని, మోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతుండగా సునీత, వీరన్న వస్తున్న బండి తగిలింది. ఆయన తల రోడ్డుకు కొట్టుకుంది. సునీతకు మెడ దగ్గర ఎముక విరిగింది. వీరన్నకు మోచేతులు గీరుకుపోయాయి. రోడ్డు పక్క నిలిపి ఉన్న ట్రాక్టరు చాటు నుంచి మల్లయ్య బయటికి వచ్చాడని చోటు చూస్తే అర్థమైంది. గడ్డి రోడ్డంతా పరుచుకుని ఉంది.

మల్లయ్య కొడుకు సోమన్న ట్రాక్టరు డ్రైవరు. అతను ఠాణాకు వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. అందులో బండి నడిపింది వీరన్న అని రాసి ఉంది. వీరన్నను అడిగితే అతనూ ఆ మాటే చెప్పాడు. మూడో రోజు మల్లయ్య దవాఖానలో కన్నుమూశాడు. గాయాల కేసు మరణం కేసయింది. సెక్షన్ మార్చి కోర్టుకు మెమో పంపి, శవ పంచనామా చేయించి, పోస్టుమార్టం తర్వాత శరీరాన్ని ఇంటివాళ్లకు అప్పగించాం. కేసు కాగితాల్లో నిందితుడి గడిలో ఇంకా వీరన్న పేరే ఉంది.

పొలంలో నాటు వేస్తున్న ఆడవాళ్ల వాంగ్మూలాలు తీసుకోవడానికి వెళ్లాను. వాళ్లు చేతిలో నారు వదిలి, మునుం ఆపి గట్టు మీదికి వచ్చారు. వాళ్లలో పెద్దామె సంకోచం లేకుండా చెప్పింది. “బండి ఆడిమనిషే నడిపింది సారు. మెల్లగనే అస్తుండె. ముసలాయన ట్రాక్టరు ఎన్క నుంచి ఒక్కసారే అచ్చిండు. ఆమెకు చెయ్యి లేస్తలేదు, అయినా ఆయన తల ఒళ్లె పెట్టుకున్నది.”

ఇలాంటి కేసుల్లో పేరు మార్చడం నేను జనగామలో ఉన్నప్పుడే చూశాను. చిల్పూర్ దగ్గర ఒకాయన ఏ లైసెన్సూ లేని బావమరిదికి బండి ఇచ్చాడు. ప్రమాదంలో ఒక మనిషి పోయాడు. ఇన్సూరెన్సు కంపెనీ చనిపోయిన మనిషి కుటుంబానికి పరిహారం కట్టి, కోర్టు ఉత్తర్వుతో ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి రాబట్టుకుంది. ఆయన పొలం పోయింది. అలాంటి సంగతులు ఊరూరా తిరుగుతాయి. తిరిగేటప్పుడు అసలు విషయం జారిపోయి, ‘పక్కా లైసెన్సు లేకుంటే ఇన్సూరెన్సు రాదు’ అన్న ముక్క మాత్రం మిగులుతుంది.

సునీత వాంగ్మూలం కోసం మహబూబాబాద్ దవాఖానకు వెళ్లాను. వార్డు బయట వీరన్న, సోమన్న, ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన కలిసి నిలబడి ఉన్నారు. తండ్రిని పోగొట్టుకున్నవాడు, కేసులో ఇరుక్కున్నవాడు ఒకే మాట మీద ఉండటం నా ఉద్యోగంలో అరుదుగా చూశాను. పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి వీరన్న పేరే ఉంచమని, రెండు ఇండ్లూ బాగుపడతాయని చెప్పాడు.

మహిళా కానిస్టేబుల్‌ను లోపలికి తీసుకుని, మిగతావాళ్లను బయటే ఉంచాను. సునీత భుజానికి కట్టు ఉంది. బండి ఎవరు నడిపారని అడిగాను. ఆమె తలుపు వైపు చూసింది.

“ఆయన ఏం చెప్పిండు సార్?”

“ఆయన చెప్పింది వేరు. నువ్వు చెప్పేది నాకు కావాలి.”

“నేనే నడిపిన. నేను చెప్పొద్దని మావోళ్లందరు ఒట్టు పెట్టిచ్చుకున్నరు. నా పేరు కేసుల పడితే కొలువు పోతదని ఆయన రంధి. తండాల ఇగ ఏ ఆడిపిల్లకు బండి ఇయ్యరని గూడ అన్నడు. ముసలాయన పడ్డంక నేనే నీళ్లు తాగిపిచ్చిన సార్. ‘ఎవలు బిడ్డా నువ్వు’ అని అడిగిండు. ఆయన ఇంటోళ్లకు ఇంకొకల పేరు ఎట్ల చెప్పమంటరు?”

రాసుకుని చదివి వినిపించాను. ఒక్క మాట కూడా మార్చమనలేదు.

బయటికి వచ్చి ముగ్గురికీ విషయం చెప్పాను. సోమన్న ముఖం మాడిపోయింది. “మా నాయిన పోనే పోయిండు. ఇప్పుడు మా అవ్వకు అచ్చేది గూడ రాకుంట చేస్తరా సార్?” అన్నాడు. వీరన్న గోడకు ఆనుకుని తల దించుకున్నాడు.

ఆ వరండాలోనే బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. సునీత ఎల్లెల్లార్ ప్రమాదం నాటికి చెల్లుతోంది. వెనక లైసెన్సు ఉన్న మనిషి ఉన్నాడు. పలకలు రెండు ఉన్నాయి. పాలసీ గడువు దాటలేదు. ఇవన్నీ ఉంటే నేర్చుకునే మనిషి నడిపినా పాలసీ వర్తిస్తుంది. చిల్పూర్ ఆయన బండిని నడిపినవాడికి ఏ లైసెన్సూ లేదు, తేడా అక్కడుంది. ఇక పేరు మార్చితే కంపెనీ తరఫు విచారణాధికారి ముందుగా ఆ పొలానికే వెళ్తాడు. నాటు వేసిన ఆడవాళ్లంతా చూసిందే చెప్తారు. అప్పుడు క్లెయిమే మోసమని కంపెనీ వాదిస్తుంది. ఇచ్చిన తప్పుడు సాక్ష్యానికి సోమన్న, వీరన్న ఇద్దరి మీదా కేసు పడుతుంది.

సోమన్నకు నమ్మకం కుదరలేదు. పోలీసులు ఎప్పుడూ ఇలాగే చెప్తారన్నాడు. ఇంటికి పోయి ఆలోచించుకొమ్మన్నాను.

మరునాడు అతను తల్లి లచ్చమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు వచ్చాడు. ఆమెను కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

“మావోడు అన్ని చెప్పిండు సారు. ఎవలు నడిపిన్రో గదే రాయి. నా మొగడు సచ్చింది అబద్ధం కాదు గద, దాని మీద అబద్ధమెందుకు?” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, “ఆ పిల్ల ఆఖరికి ఇన్ని నీళ్లు పోసింది. గదన్న నిజం ఉండనీ,” అంది.

సోమన్న మళ్లీ వాంగ్మూలం ఇచ్చాడు. తాను ప్రమాదం చూడలేదన్నాడు, వీరన్న పేరు ఎందుకు రాశాడో చెప్పాడు. వీరన్న కూడా మాట దిద్దుకున్నాడు. నిందితుడి గడిలో వీరన్న పేరు తీసి సునీత పేరు చేర్చి, మార్పుకు కారణాలు రాసి కోర్టుకు పంపాను. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండి చూసి బ్రేకులు సరిగానే ఉన్నాయని నివేదిక ఇచ్చాడు. ఆ కాగితాలన్నీ ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు చేరాయి.

కంపెనీ ఊరికే ఒప్పుకోలేదు. లెర్నర్ లైసెన్సు అసలు లైసెన్సే కాదని వాదించింది. నన్ను సాక్షిగా పిలిచి పేరు ఎందుకు మారిందని చాలాసేపు అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నాటు వేసిన పెద్దామె కూడా వచ్చి అదే చెప్పింది. లైసెన్సు చెల్లుతుందని తేల్చి, పరిహారం కంపెనీయే కట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. సునీత నుంచి గాని, వీరన్న నుంచి గాని రాబట్టుకునే అవకాశం ఇవ్వలేదు.

క్రిమినల్ కేసు మాత్రం ఏళ్లు నడిచింది. ప్రతి వాయిదాకూ సునీత బస్సులో వచ్చేది. మొదట్లో ఆమె పని గురించి పైవాళ్లు విచారణ పెట్టారు గాని తీసేయలేదు. వేగంగా నడిపినట్టు రుజువు కాలేదని చివరికి కోర్టు ఆమెను వదిలేసింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తీర్పు విని ఆమె సంతోషపడినట్టు కనిపించలేదు. “మల్లయ్య తాత అయితే రాడు గద సార్,” అని బస్టాండు వైపు నడిచింది. మళ్లీ ఎల్లెల్లార్ తీసుకుని పరీక్ష పాసయిందని తర్వాత ఎప్పుడో వీరన్న చెప్పాడు.

నా చివరి పోస్టింగు భూపాలపల్లి. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద బైకు నేర్చుకునే పిల్లలను, ఆడవాళ్లను రోజూ ఆపేవాణ్ణి. ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. నేర్చుకునేవాళ్లకు చట్టం ఇచ్చిన రక్షణ ఉంది. అది ఉందని తెలియకే జనం అబద్ధానికి పోతారు, ఆ అబద్ధంతోనే దాన్ని పోగొట్టుకుంటారు. ఈ సంగతి వాళ్లకు ప్రమాదానికి ముందు చెప్పే అవకాశం ఉన్నది తనిఖీలో నిలబడ్డ పోలీసుకే. కాబట్టి పదవీ విరమణ దాకా నేను ఆపిన ప్రతి ఎల్లెల్లార్ మనిషికీ పలక, వెనక మనిషి, పాలసీ గడువు చూశాక ఒక మాట చెప్పి పంపేవాణ్ణి: ఏదైనా జరిగితే నడిపింది ఎవరో వాళ్ల పేరే చెప్పండి.