ఏడు అని రాయాల్సిన చోట

గణపతిరావుది రామతీర్థం దగ్గర చిన్న పల్లె. ఉన్న ఎకరంన్నర వరి చాలక, ఇరవై రెండేళ్లు ఒక జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. ఆ మోతలో మాట వినబడేది కాదు. పనివాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకునేవారు. మిల్లు మూతపడ్డాక వ్యవసాయంలోకి వచ్చేశాడు. వచ్చిన రెండో నెలలో, కళ్లంలో కూర్చుని అన్నం తింటూంటే ఎడమ చెవిలో కీచుమని కూత మొదలైంది. పురుగేదో అరుస్తోందనుకుని గడ్డివాము చుట్టూ వెతికాడు. అది ఆగలేదు. నాలుగేళ్లయింది.

నూనెలు, పసర్లు అయ్యాయి. డాక్టర్లందరిదీ ఒకటే మాట: లోపల దెబ్బతింది, అలవాటు చేసుకో. అలవాటు చేసుకోవడమంటే అతనికి మాటలు తగ్గించుకోవడమే అయింది. భార్య నీలవేణి ఏం చెప్పినా తలూపేవాడు. మనవరాలు పుట్టిందని కబురొస్తే "మంచిది" అని గడ్డి కోయడానికి వెళ్లిపోయాడు. ఏడుపూ రాదు, నవ్వూ రాదు.

నిరుడు అతని బావమరిది త్రినాథ్ ఒక కబురు తెచ్చాడు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రివాళ్లు చెవి హోరుకి వైద్యం కనిపెట్టాలని పరిశోధన చేస్తున్నారట, దానికి మనుషులు కావాలట.

"ఎల్లు బావా, పోయేదేటి?" అన్నాడు.

అక్కడ మహతి అనే అమ్మాయి చెవులు పరీక్షించి హెడ్‌ఫోన్ ఇచ్చింది. అందులో వచ్చే శబ్దాలు రోజూ గంటసేపు వినాలి. సాయంత్రం హోరు ఎంతుందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేసి పుస్తకంలో రాయాలి. అలా మూడు నెలలు.

"తగ్గుతాదా తల్లీ?"

"తెలీదండీ. తెలుసుకోడానికే ఇదంతా."

తెలీదని చెప్పినవాళ్లు అతనికి అంతవరకు తగల్లేదు. అందుకే ఒప్పుకున్నాడు.

నెలరోజులు ఏడు, ఏడు, ఏడు అని రాశాడు. పుస్తకం చూపించడానికి వెళ్లినరోజు, అద్దాల గదిలో మహతి ఫోన్ మాట్లాడుతోంది. వినబడలేదు గానీ పెదాలు కనబడ్డాయి. "ఒక్కరికీ తగ్గట్లేదు సార్" అంటోంది. బయటికి వచ్చి అతన్ని చూసి నవ్వింది. ఆ వారం నుంచి అతను ఆరు రాశాడు. తర్వాత అయిదు. ఆఖరి వారం నాలుగు.

చివరిసారి నీలవేణి కూడా వెంట వచ్చింది. మహతి పేజీలు తిప్పుతూ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"గణపతిరావుగారూ, మీకు బాగా తగ్గింది!"

ఆ పిల్ల సంతోషం చూస్తే తనకీ ఏదో అనిపిస్తుందనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. పక్కన నీలవేణి మాత్రం కళ్లు ఒత్తుకుంటోంది.

"తగ్గిందా? మరి నాతో సెప్పనేదేటి?"

ఆమె మొహం చూశాక ఇక దాచలేకపోయాడు.

"తగ్గనేదు. ఏడే ఉన్నాది. ఈ పాప బాధపడతన్నాదని అలాగ రాసినాను."

మహతి ఎర్ర పెన్ను తీసి, ఏ రోజు నుంచి అబద్ధమో అడిగి, అక్కణ్ణుంచి అడ్డంగా గీత కొట్టింది.

"మీ నాలుగు నమ్మి ఇంకో వందమందికి ఇదే పెట్టేవాళ్లం. ఏడుంటే ఏడే కావాలి మాకు. ఇది పనిచెయ్యదని తేలితే ఇంకోటి చూస్తాం."

"ఇంకోటి ఉన్నాదా?"

"ఉంది. మీకు పనికొస్తుందని మాటివ్వలేను. రమ్మంటే వస్తారా?"

"వస్తాను. ఈసారి ఉన్నదే రాస్తాను."

తిరుగు రైల్లో, కొత్తవలస దాటాక నీలవేణి అడిగింది.

"ఇన్నాళ్లూ ఏడేనా?"

"ఏడే."

"నానూ అడగనేదు," అందామె, కిటికీలోంచి చూస్తూ.

రెండు నెలలకి మహతి ఫోన్ చేసింది. ఆ హెడ్‌ఫోన్ వల్ల లాభం లేదని తేలిందట. రెండో పరిశోధనలో అతని పేరు రాసుకున్నారట, మొదలవడానికి ఇంకా ఆర్నెల్లు పడుతుందట. సరేనన్నాడు. ఆశ పుట్టిందా అంటే చెప్పలేడు. ఫోన్ పెట్టేసి, నువ్వుచేలోకి వెళ్లి కలుపు తీశాడు.

ఇప్పుడు నీలవేణి రోజూ సాయంత్రం ఆ అంకె అడుగుతోంది. మొన్నొకరోజు "ఎనిమిది" అన్నాడు. ఆమె పొయ్యి కట్టేసి వచ్చి, అరుగు మీద అతని పక్కన కూర్చుంది. వీధి దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నారు.