మరమగ్గానికి దండం

ఇప్పటికీ ఫ్రిజ్ తెరిచే ముందు చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపుతో ఒకసారి తాకి చూస్తాను. సూరత్‌లో మా బాపు మరమగ్గాన్ని అట్లాగే తాకి పని మొదలుపెట్టేవాడు. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి జోల్వాలోని కార్ఖానాకు వెళ్లినప్పుడల్లా చూసి, అది మగ్గానికి పెట్టే దండం అనుకునేదాన్ని. నేనూ సైన్సు పుస్తకాన్ని అట్లాగే తాకి కళ్లకద్దుకునేదాన్ని.

పదో తరగతిలో ఓ సాయంత్రం ఆ పుస్తకంలోని ఇస్త్రీపెట్టె లెక్క బాపుకు చేసి చూపించాను. వోల్టేజీ రెండు వందల ఇరవై, కరెంటు రెండు ఆంపియర్లు. భాగిస్తే నిరోధం నూట పది ఓములు, గుణిస్తే పవర్ నాలుగు వందల నలభై వాట్లు.

“మరి మనిషికెంతుంటది బిడ్డా, గా నిరోధం?” అన్నాడు బాపు.

“ఒంట్లకెల్లి ఎంత కరెంటు పోయిందో చెప్తే లెక్క చేస్త బాపూ.”

“గది పోయినంక చెప్పెటోడు యాడుంటడే!”

ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆ వానాకాలం కార్ఖానా రేకులు కురిశాయి. తెగిన పోగు అతకబోతూ, తడిసిన మగ్గాన్ని బాపు అరచేత్తో పట్టుకున్నాడు. కరెంటు పారేదాన్ని అరచేత్తో తాకితే గుప్పిట బిగుసుకుపోయి ఇక విడవదని, అందుకే రోజూ చెయ్యి తిప్పి చూసేవాళ్లమని బాపు దినాల నాడు పక్క మగ్గం మామ అమ్మకు చెప్తుంటే విన్నాను.

బాపు లెక్కలో నాకు తెలిసింది ఇప్పటికీ వోల్టేజీ ఒక్కటే.