మెడికల్ ముందు రోజు వేసిన గోడకుర్చీలు

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ధైర్యం ఎక్కువంటారు. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నవన్నీ భయాలే. సౌదీలో ఖఫ్జీ క్యాంపులో పెట్టె దించిన మొదటి వారం ఫోర్‌మన్ అంటే భయం, అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, ఇంకా చేతికి రాలేదని భయం, పై మంచం మీద నుంచి నిద్రలో పడతానేమోనని భయం. వీటన్నిటినీ మించినది మెడికల్. ఎత్తుకు ఎక్కి పరంజాలు కట్టే నాలాంటి పనివాళ్ళను కంపెనీ క్లినిక్‌లో పరీక్షిస్తారు. అన్‌ఫిట్ అంటే నేరుగా ఎగ్జిట్, ఇంటికే. కడపలో మా వీధి వీధంతా దండలు వేసి, "ఇంక రెండేళ్ళ దాకా కనపడడు" అని కళ్ళు తుడుచుకుని సాగనంపిన మనిషి మూడో వారమే అదే పెట్టెతో ఆటో దిగితే ఏ ముఖం చూపించాలి?

ఇంత భయస్థుడిని వాలీబాల్‌లోకి దింపినవాడు స్ప్రింగు మామ. ప్రొద్దుటూరు వైపు మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు, కుర్రతనంలో జిల్లా టీముకు ఆడాడట. శుక్రవారం పక్క క్యాంపు మలయాళీలతో మ్యాచ్ ఉంది. కొత్త కుర్రాళ్ళం ముగ్గురికి కాళ్ళలో బలం లేదని తేల్చి, సాయంత్రాలు మమ్మల్ని ఇసుకలో నిలబెట్టాడు. సిమెంటు దిమ్మె మీదికి ఎగరడం, గుంజిళ్ళు, బాతు నడక, చివర్లో గోడకుర్చీ. (చిన్నప్పుడు లెక్కలు రాక వేసిన గోడకుర్చీని మళ్ళీ సౌదీలో వేస్తానని కలలో కూడా అనుకోలేదు.) "ఎక్కేటప్పుడు ఎగురప్పా, దిగేటప్పుడు మెల్లగ నడ్సు. దూకితే మోకాళ్ళు పోతాయి" అనేవాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. "ఒగ రోజు ఎగిరితే రెండు రోజులు కాళ్ళకు రెస్టు ఇయ్యాల. కండ పెరిగేది ఎగిరేటప్పుడు గాదు, పండుకున్నెప్పుడు."

నేను వింటేగా! మిగతా ఇద్దరూ నాకంటే జానెడు ఎక్కువ ఎగురుతున్నారు. టీములో చోటు వాళ్ళకే పోతుందన్న కొత్త భయం పట్టుకుంది. రెస్టు రోజున నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి ఒక్కడినే దొంగచాటుగా గుంజిళ్ళు తీశాను, లెక్క తప్పేదాకా. తర్వాత తొడలు వణికేదాకా గోడకుర్చీలు. లోపలికొస్తే నోటీసు బోర్డు మీద నా పేరు. మర్నాడు పొద్దున్నే మెడికల్.

తెల్లారేసరికి కాళ్ళు నావి కావు. పై మంచం మీద నుంచి దిగలేక వేలాడుతుంటే కింది మంచం అన్న చూశాడు. ఆయన ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది. "పోయినేడు ఒగనికి ఇట్లే మోకాళ్ళు వంగల్యా. సీదా ఎగ్జిట్ కొట్టినారు. మంచి పిల్లోడు పాపం" అని నా చెప్పులు నా కాళ్ళకు తొడిగాడు. క్లినిక్ దగ్గర బస్సు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. స్టీరింగు ముందున్న స్ప్రింగు మామ అద్దంలో నా కాళ్ళనే చూస్తున్నాడు. ఇంకా భయమేసింది.

డాక్టరు పాకిస్తానీ, తెల్లగడ్డం. రక్తం తీశాడు, గుండె విన్నాడు. తర్వాత, "బైఠో" అన్నాడు. గొంతుక్కూర్చోవాలి. అల్లాను తలుచుకుని కూర్చున్నాను. "ఉఠో" అన్నాడు. లేవలేదు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించాను. రెండో చెప్పు కూడా సరిచేశాను. ఇంక సరిచేయడానికి నాకు కాళ్ళు లేవు. ఆయన బల్ల వెనక నుంచి లేచొచ్చి, ఎదురుగా తనూ గొంతుక్కూర్చుని, నా తొడ మీద వేలితో నొక్కాడు. కెవ్వుమన్నాను.

"వాలీబాల్?" అన్నాడు.

తలూపాను. కళ్ళలో నీళ్ళు.

"ఈ వారంలో మీ క్యాంపు నుంచి నువ్వు మూడోవాడివి" అన్నాడు ఉర్దూలో. తలా ఒక గోడ వెతుక్కుని మిగతా ఇద్దరూ చేసిన పని కూడా ఇదేనన్నమాట! "పో, ఎగరకుండా పడుకో. శనివారం రా, చూస్తాను."

శుక్రవారం మేం ముగ్గురం వరసగా కుర్చీల్లో కూర్చుని మ్యాచ్ చూశాం. ఓడిపోయాం. స్ప్రింగు మామ మా ముందుకొచ్చి, "మీకు పండుకోవడం గూడా నేర్పియ్యాల్నా రా?" అని, ముగ్గురికీ తలా ఒక టీ తెచ్చిచ్చాడు. శనివారం డాక్టరు గది తలుపు తీసేటప్పుడు అమ్మ ముఖం గుర్తొచ్చింది. కూర్చున్నాను, లేచాను. ఆయన ఇంకోసారి అనకముందే నేనే మళ్ళీ కూర్చుని లేచాను. ఫిట్ అని ముద్ర పడింది.

ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. పంపేస్తారని అంతగా వణికిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. వచ్చే నెల నా ఫైనల్ ఎగ్జిట్, ఇంక తిరిగి రావడం లేదు. ఎవరూ అన్‌ఫిట్ అనలేదు, నేనే రాజీనామా రాసిచ్చాను. మొన్న క్లినిక్‌లో ఒక కుర్ర డాక్టరు నా మోకాలు వంచి చూసి, "అంతా బాగుంది, హాయిగా ఇంటికి వెళ్ళొచ్చు" అన్నాడు. ఆపేసే లోపమేదైనా దొరుకుతుందేమో, ఇంకోసారి సరిగా చూడమని అడుగుదామనిపించింది.