నాన్న పేరున కుక్క రక్తం

మా ఇంట్లో కుక్కకి పేరు లేదు. తలా ఒక పేరు పెడతామని కొట్లాడుకుని, తగువు తెగక, చివరికి అందరం దాన్ని "ఒలే" అనే పిలిచాం. నాన్న అమ్మనీ అలాగే పిలుస్తాడు కాబట్టి ఆయన ఒక్క కేక వేస్తే ఇద్దరూ వచ్చేవారు. ముందొచ్చేది మాత్రం కుక్కే.

అలాంటిది ఒక వేసవిలో పిలిచినా లేవడం మానేసింది. జ్వరం వస్తుంది, పోతుంది. ఊరు దాటి వెళ్ళి రైళ్ళ మీద మొరిగొచ్చేది కాస్తా, గడప దాటడానికి ముహూర్తం చూసుకుంటోంది. పశువుల డాక్టరు ముందు కడుపులో పురుగులన్నాడు, తర్వాత కాలేయమన్నాడు, ఆ తర్వాత ఎండదెబ్బన్నాడు. ఆయన చెయ్యి ఆవులకీ గేదెలకీ అలవాటైనది. ఆయనిచ్చిన మొదటి సీసా చూస్తే అది తాగించడానికో స్నానం చేయించడానికో మాకు అర్థం కాలేదు. ఊరు ఊరుకుంటుందా? జీడిపిక్కల తొక్క నాకిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చే ఆమె దాని ముందు ఒక చేప తల పెట్టి, అది మొహం తిప్పుకోగానే, "ఇది దక్కదమ్మా" అని తేల్చేసింది. ఆ మాటకే నాకు నిజంగా భయం వేసింది. చేప తల వద్దన్న కుక్కని నేను అంతకుముందు చూడలేదు.

ముక్కులోంచి రక్తం కారిన రోజున డాక్టరు చేతులెత్తేశాడు. "అంతు చిక్కడం లేదమ్మా. రక్తం చూడాలి. విశాఖ దాకా వెళ్ళే ఓపిక దీనికి లేదు. కాశీబుగ్గలో మనుషుల ల్యాబుంది కదా. కణాలు లెక్కపెట్టడానికి ఎవరి రక్తమైతేనేం" అని చిన్న సీసాలో తీసిచ్చాడు. చేపలామె బుట్టలోంచి కాస్త ఐసు అడిగి, టిఫిన్ డబ్బాలో వేసుకుని, నీచువాసనతో ఆటో ఎక్కాను.

"పేషెంటు పేరు?" అన్నాడు ల్యాబతను. కుక్క అంటే డబ్బాతో సహా గెంటేస్తాడు. "ఒలే" అని రాయమనలేను. నోటికొచ్చింది మా నాన్న పేరు. వయసు కూడా ఆయనదే చెప్పేశాను.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. మా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట బడి మొహం చూడని ముసలమ్మకి కూడా వచ్చు. రక్తంలో అది పెరిగితే కిడ్నీలు చెడినట్టే. ఎందుకొస్తోందో ఎవరూ చెప్పలేని జబ్బు. మా పెదనాన్న దానితోనే పోయాడు. అప్పట్నుంచి రక్తపరీక్షల వ్యాను ఊళ్ళోకొస్తే చాలు, నాన్నకి జీడితోటలో పని గుర్తొచ్చేది. వ్యాను వెళ్ళాక గాని ఆ పని తెమిలేది కాదు.

మధ్యాహ్నం ల్యాబతను నాన్న పేరు గట్టిగా పిలిచి, కాగితం ఇస్తూ గొంతు తగ్గించాడు. "ఉద్దానం కదాని క్రియాటినిన్ కూడా చూశాను. అది బానే ఉంది. ప్లేట్‌లెట్లే బాగా పడిపోయాయి. ఏమైనా తింటున్నారా?"

"మూడ్రోజులుగా ఏమీ ముట్టడం లేదండీ."

"నడుస్తున్నారా?"

"గోడవారన పడుకునే ఉంటున్నారు."

"ప్రాణం మీదికొచ్చేలా ఉందమ్మా. ఎక్కడైనా చేర్పించండి."

వెనక బల్ల మీద నాన్న అక్క, మా పెద్దత్త, తన రిపోర్టు కోసం కూర్చునుందని నేను చూడలేదు. ఆవిడ రిపోర్టు కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయిందట.

నేను తిన్నగా పశువుల డాక్టరు దగ్గరికెళ్ళాను. కాగితం చూసి, "చెవుల్లో పిడుదులున్నాయా?" అన్నాడు. రోజూ ఏరుతూనే ఉంటామన్నాను. "అయితే పిడుదుల జ్వరమే. మనుషులు వేసుకునే గొట్టం మాత్రలే దీనికీనూ. నెల్లాళ్ళు వెయ్యి. ఆలస్యమైంది, బతుకుతుందని మాటివ్వలేను."

అప్పటికి మా ఇళ్ళల్లోకి సెల్‌ఫోన్లు రాలేదు. పెద్దత్త మాత్రం నాకంటే ముందొచ్చింది. తన రక్తం ఎప్పుడు తీశారని నాన్న అడిగితే, నిద్దట్లో తీసుంటారందట. వాకిలి నిండా జనం, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరిబొండాలు. చర్చి పెద్దాయన బైబిలు తెరిచి కూర్చున్నాడు. నులకమంచం మీద నాన్న, ఆయన ఒళ్ళో కుక్క తల.

"నువ్వెలిపోతే నాను ఏడుత్తాను. నానెలిపోతే నువ్వు తిండి మానేత్తావు. ఏటి సేద్దుమే?" అని దాన్నడుగుతున్నాడు.

ఆ మాట విన్నాక ల్యాబులో జరిగిందంతా చెప్పేశాను.

ముందు పెద్దత్త లేచింది. "కుక్క రగతానికేటే నాను ఆటో నిండా ఏడ్సుకుంటూ వచ్చినాను?" వాకిలంతా గొల్లుమంది. నాన్న నవ్వలేదు. "అయితే ఇది బతుకుద్దా?" అన్నాడు. డాక్టరు మాటివ్వలేదని చెప్పాను.

"బైబిలు ఎలాగూ తెరిసీసినాం. దీనికే ప్రార్థన సేసీద్దాం" అని పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మధ్యలో నాన్న అందరికీ వినపడేలా అన్నాడు: "ఇది లేసి తిరిగితే నా రగతం నాను ఇచ్చుకుంతాను ప్రభువా." అది ఎలాగూ లేవదన్న ధైర్యంతోనే అలా మొక్కాడని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అరటిపండు ముక్కలో మాత్ర దాచి రోజూ పెట్టాను. ఆరో రోజు చేప తల తినేసింది. పదో రోజు నాన్న కేకకి అమ్మకంటే ముందు వెళ్ళింది. అమ్మ ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. నాన్న ఒకసారి జీడితోట వైపు చూశాడు. కానీ ఊరంతా సాక్ష్యం.

ల్యాబతను ఆయన పేరు విని తెల్లబోయాడు. "ఇంత తొందరగా కోలుకున్నారా! ఏం వాడారండీ?"

"పిడుదులు ఏరించుకున్నాను" అన్నాడు నాన్న.

ఈసారి కణాలన్నీ బాగున్నాయి. క్రియాటినిన్ మాత్రం కొంచెం గీత దాటింది. ఇప్పుడే చూసుకోవడం మంచిదైందన్నారు డాక్టర్లు. నాన్న ఇంటికొచ్చి ఆ సంగతి ముందు కుక్కకే చెప్పాడు.

అప్పట్నుంచి పొద్దున్నే ఇద్దరికీ మందులు నేనే ఇచ్చేదాన్ని. అది మింగితే గాని ఆయన మింగేవాడు కాదు. నెల తిరిగాక దానికి మందు ఆపేశారు, నాన్నకి ఆపలేదు. ఆయన ఒక్కడూ మింగనని మొండికేస్తే, అరటిపండు ముక్క ఉత్తదే దాని నోట్లో పెట్టేదాన్ని. అందులో ఏమీ లేదని ఆయనకీ తెలుసు. అయినా అది మింగేదాకా చూసి, తన మాత్ర వేసుకునేవాడు. అది బతికినన్నాళ్ళూ అలాగే వేసుకున్నాడు.