వెనక్కి నడిచిన పెళ్లి పడవ

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నా పెళ్లి. పందిరేమో నౌసోరి దగ్గర, రేవా నదికి అవతల.

మెకానిక్ అయిన మా నాన్న పాత కార్ల నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఒకటి పొలం పంపుకీ, ఇంకొకటి మా పడవకీ బిగించాడు. ఆ ఉదయమే పడవకు ప్రొపెల్లర్ మార్చాడు.

నన్ను ఎక్కించుకుని గేరు వేయగానే పడవ సర్రున వెనక్కి పోయింది!

"ఈ ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరిగే ఇంజన్‌కి పెట్టేది, బేటీ!" అన్నాడు నాన్న.

"రివర్సు వెయ్యి నాన్నా!"

"అది ఎప్పుడో పోయింది."

ముహూర్తం దగ్గరపడుతోంది. పడవ వెనకభాగాన్ని అవతలి గట్టుకు తిప్పి, వెనక్కే నడుపుతూ నది దాటించాడు.

"కోడలి ముఖం కంటే జడే ముందు చూశాను!" అని గట్టున ఎదురుచూస్తున్న అత్తగారు ఒకటే నవ్వు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం, చెమటలు కక్కుతూ నన్ను వేళకు చేర్చిన నాన్నే కళ్లముందు మెదులుతాడు.